పచ్చి సర్కారు తుమ్మ కుప్ప అంటుకోకపోతే
దేవరకొండ వైపు బీడును జేసీబీతో చదును చేయించి, పచ్చి సర్కారు తుమ్మ కుప్పపై డీజిల్ పోసినా పైపైన కాలి ఆరిపోతోందని మీరు రాశారు. జేసీబీ ముందువైపు బకెట్‌తో నేలను గీరుతూ నెట్టినప్పుడు కంపతో పాటు మట్టి చేరి, కుప్పలోకి గాలి ఆడదు. అసలు చిక్కు అదే. వెనుక బకెట్‌తో మొద్దులను ఒక్కొక్కటిగా ఎత్తించి, వేళ్ల మట్టి రాలేలా దులిపించి, కరెంటు తీగలకు, పక్క రైతు బత్తాయి తోటకు దూరంగా మళ్లీ పేర్పించండి. ఎండల్లో కొన్ని వారాలు ఆరనిచ్చి, గాలి లేని పొద్దున అడుగున ఎండు పుల్లలు పెట్టి అంటించండి. పెట్రోలు మాత్రం ఎన్నడూ వాడవద్దు. లావు దుంగలను కాల్చడం నాకు నచ్చదు. బొగ్గు బట్టీల వారికి అమ్మవచ్చు. నేలలో వేరు మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది కనుక, జేసీబీ వెళ్లకముందే చెట్లు పెకలించిన గుంటలను చూసుకోండి.