కాటలీనా విమానం మోడల్ కిట్‌లో ముక్కు వైపు బరువు పెట్టాలా?

చక్రాల మీద నిలబెట్టే పీబీవై-5ఏ అయితే తప్పకుండా పెట్టాలి, పీబీవై-5 అయితే అక్కర్లేదు.

రెండూ అమెరికా నౌకాదళం వాడిన కాటలీనా అనే నీటి విమానంలో రకాలే. పీబీవై-5 నీటి మీద మాత్రమే దిగుతుంది. 5ఏ నేల మీద కూడా దిగగలదు, అందుకే దానికి ముక్కు కింద ఒక చక్రం, పక్కల రెండు ఉంటాయి. తోక కింద ఏ ఆధారమూ లేదు. అసలు విమానంలో ఇంజన్లు, పరికరాల బరువు పక్క చక్రాలకు ముందు పడేలా సర్ది ఉంటుంది. మోడల్‌లో ఆ బరువు ఉండదు, అంతా ప్లాస్టిక్కే. దాంతో పొడవాటి తోకే బరువై మోడల్ వెనక్కి కూలబడుతుంది.

ఉదాహరణకు 1/72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు) 5ఏ కిట్‌లో బరువును కాక్‌పిట్ నేల కింద, పక్క చక్రాలకు వీలైనంత ముందు పెట్టాలి. బాడీ రెండు సగాలను ముందు టేపుతో బిగించి, రెక్క కూడా పెట్టి, ముక్కు వాలేదాకా చూసుకున్నాకే అతికించండి. ఒకసారి మూసేస్తే మళ్లీ తెరవడం చాలా కష్టం. వలకు కట్టే సీసం గుళ్లు వాడితే తెల్ల ఫెవికాల్ మాత్రం వద్దు. దానితో కలిసి సీసం మెల్లగా ఉబ్బి, కొన్నేళ్లకు బాడీనే చీల్చేస్తుంది. ఎపాక్సీ జిగురు మంచిది.

ఫొటోల్లో పీబీవై-5కీ చక్రాలు కనిపిస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. అవి ఒడ్డుకు లాగడానికి తగిలించే బండి చక్రాలు. వాటిలో ఒకటి తోక కిందే ఉంటుంది, కాబట్టి మోడల్ వెనక్కి పడదు.