నిప్పురవ్వ లేని వెల్డింగ్‌కు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది కడప. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు నడుపుతున్నా. మావాడు బీటెక్ మెకానికల్ ఫైనలియర్. రెండు రకాల అల్యూమినియం ప్లేట్లను ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌తో అతికించే ప్రాజెక్టు తీసుకున్నాడు. ఫ్రెండ్సంతా సాఫ్ట్‌వేర్ కోర్సులకు పోతున్నారు. ఇంత చదివించింది మళ్లీ వెల్డింగ్ చేయడానికేనా అని టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. అల్యూమినియం అతికించడం ఎంత తలనొప్పో మీకు వేరే చెప్పాలా! 2024, 7075 నంబర్లతో పిలిచే గట్టి రకాలైతే కరిగి గట్టిపడేటప్పుడు పగుళ్లిస్తాయి. మీవాడు తీసుకున్న ఫ్రిక్షన్ స్టిర్ పద్ధతిలో లోహాన్ని కరిగించరు. గిరగిరా తిరిగే టూల్‌ను జాయింటులోకి దించి ముందుకు నడుపుతారు. ఆ రాపిడికి లోహం మెత్తబడి, కలిసిపోయి అతుక్కుంటుంది. 1991లో ఇంగ్లండ్‌లో కనిపెట్టారు. రాకెట్ల ఇంధన ట్యాంకులకు, రైలు బోగీలకు, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ ట్రేలకు వాడుతున్నారు.

అయితే ప్రాజెక్టు పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో దీని గురించి అడిగేవి తక్కువే. డబ్బిచ్చి రెడీమేడ్ రిపోర్టు కొంటే అదీ దండగ. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే దొరికిపోతాడు: గట్టి ప్లేటు ఏ వైపు పెట్టావు, లాగి చూస్తే ఎక్కడ తెగింది? గట్టిదాన్ని టూల్ తిరిగే దిశ, నడిచే దిశ ఒకటయ్యే వైపు పెట్టాలా, అవతలి వైపా అన్నది జాయింటును బట్టి ఉంటుంది. కాస్త మెత్తటి రకం 6061ను, గట్టి 7075ను కలిపితే తెగేది ఎక్కువగా 6061 వైపు, వేడికి మెత్తబడిన చోట. ఇవి చేతులతో చేసినవాడే తడుముకోకుండా చెప్పగలడు.

ఇక్కడ మీరు పనికొస్తారు. కాలేజీల్లో దీన్ని మామూలు మిల్లింగ్ మెషీన్ మీదే చేయిస్తుంటారు. టూల్ దిగగానే ప్లేట్లు ఎడంగా జరిగిపోతాయి. బిగింపు కదిలిందా, లోపల సొరంగంలా ఖాళీ మిగులుతుంది. ప్లేట్లను కదలకుండా పట్టే గట్టి ఫిక్స్చర్, కింద స్టీల్ ప్లేటు మీ షాపులోనే చేసివ్వండి. ప్రొఫెసర్ కన్నా ఆ పని మీకే బాగా తెలుసు.

అసలు దారి మాత్రం ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్ష. మంచి ర్యాంకు వస్తే తిరుచిరాపల్లి ఎన్ఐటీలో వెల్డింగ్ ఇంజినీరింగ్‌లోనే ఎంటెక్ ఉంది. ఆ చదువుతో రక్షణ, అంతరిక్ష పరిశోధన సంస్థలవైపు, వాహన కంపెనీల మెటీరియల్స్ విభాగాలవైపు ప్రయత్నించవచ్చు. పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో, దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో. సాఫ్ట్‌వేర్ కోర్సు కావాలంటే ఆ పరీక్ష రాశాక చేరమనండి.