కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ నాలుగు వారాలు ఎక్కడ పోయాయో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ చేసి రెండేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తోంది. ఈమధ్య ఒక చిన్న ప్రాజెక్టుకు తనను కోఆర్డినేటర్‌గా పెట్టారు. ఆరు వారాల పని పది వారాలు పట్టింది. మేనేజర్ అందరి ముందూ అడిగేసరికి బాగా దిగులు పడిపోయింది. ప్రాజెక్ట్ మేనేజర్లకు మంచి గిరాకీ ఉందంటున్నారు. పీఎంపీ, స్క్రమ్ మాస్టర్ అనే సర్టిఫికెట్ కోర్సులున్నాయట... వీటిలో ఏది మేలు? ఉద్యోగం మానేసి ప్రిపేర్ అవ్వమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఉద్యోగం మాత్రం మానొద్దనండి. పీఎంపీకి, అంటే ‘ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్’ సర్టిఫికెట్ పరీక్షకు, దరఖాస్తు చేయాలంటే నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకైనా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం ఉండాలి. ఉద్యోగం మానేసి దానికి చదవడమంటే ఆ పరీక్షకు ఇంకా దూరం జరగడమే.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. పైకి కోర్సు గురించి అడుగుతారు. లోపలి భయం వేరు: మా పిల్లకు ఈ పని చేతకాదేమో, అది నలుగురిలో తేలిపోయిందేమో అని. అలాంటిదేమీ లేదండీ. సిడ్నీ ఒపెరా హౌస్‌ను 1963కల్లా, సుమారు 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లలో కట్టేస్తామనుకున్నారు. తెరిచింది 1973లో. ఖర్చు 10 కోట్లు దాటింది. అక్కడున్నది తలపండిన ఇంజినీర్లే. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. ఇలాంటి పనులు ఇంతకుముందు ఎంతకాలం పట్టాయో చూడకుండా, ఈసారి అంతా సవ్యంగా సాగుతుందని ఊహించుకుని తేదీలు వేసేయడం మనుషుల అలవాటు. రెండేళ్ల అనుభవంతో, మొదటిసారి ఆరు వారాల ప్లాన్ నాలుగు వారాలు జారితే అది అనర్హతకు రుజువు కాదు.

కానీ ఆ నాలుగు వారాలు ఎక్కడ పోయాయన్నది తను కూర్చుని తేల్చుకోవాలి. కొత్తవాళ్ల ప్లాన్ షీట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. పని పేరు, చేసేవారి పేరు, మొదలు, ముగింపు. ‘టెస్ట్ డేటా’ అన్న వరసలో ఒక్క రోజు వేసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి కావాల్సిన ఆ డేటా ఇవ్వాల్సింది వేరే టీమ్. వాళ్లకు మెయిల్ పెట్టాలి, వాళ్ల మేనేజర్ సరే అనాలి, తీరా వచ్చిన ఫైల్‌లో సగం గళ్లు ఖాళీగా ఉంటే మళ్లీ అడగాలి. వీటిలో ఒక్కదానికీ షీట్‌లో వరస ఉండదు. పని నిజంగానే ఒక్క రోజుదే, ఎదురుచూపు మాత్రం రెండు వారాలు. అందుకే ప్లాన్‌లో ‘ఎవరు చేస్తారు’ పక్కన ‘ఎవరి కోసం ఆగాలి’ అన్న కాలమ్ ఒకటి పెట్టుకోమనండి.

ఇంకోటి, ‘90 శాతం అయిపోయింది’ అన్న మాట. సోమవారం 90, శుక్రవారం 90, పై సోమవారం కూడా 90. శాతాలు అడగడం మానేసి, ‘ఏం మిగిలింది, అయిపోయింది చూపిస్తారా’ అని అడగాలి. తనకంటే సీనియర్లను అలా అడగడానికి మొహమాటం ఉంటుంది, తెలుసు. ఆ మొహమాటమే ఆలస్యాన్ని ఆఖరి వారం దాకా దాచిపెడుతుంది.

అన్ని పనుల వెంటా ఒకేలా పడనక్కర్లేదు కూడా. ఏ పని ఒక రోజు జారితే మొత్తం ముగింపు తేదీ ఒక రోజు జారుతుందో ఆ వరుసను పట్టుకునే పద్ధతి, క్రిటికల్ పాత్, 1957 నుంచే ఉంది. చిన్న ప్రాజెక్టుకు కాగితం మీద గీసుకున్నా చాలు. మధ్యలో ఎవరైనా ‘ఇది కూడా కలిపేయండి’ అంటే నోటిమాటగా సరే అనకుండా, తేదీ ఎంత మారుతుందో ఒక్క లైను మెయిల్ పెట్టాలి.

ఇక స్క్రమ్ మాస్టర్. స్క్రమ్ అంటే పనిని కొద్ది వారాల చిన్న విడతలుగా చేసుకుపోయే పద్ధతి, టీమ్ దాన్ని సరిగ్గా పాటించేలా చూసేవాళ్లే స్క్రమ్ మాస్టర్. దీనిమీద నాకు అనుమానాలు ఎక్కువే. బాగా ప్రచారంలో ఉన్న సర్టిఫికెట్లలో ఒకటి సాధారణంగా రెండు రోజుల క్లాసుతో, ఒక గంట పరీక్షతో వచ్చేస్తుంది. అసలు ఆ పద్ధతి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ పదిహేను పేజీలు కూడా ఉండదు, ఉచితంగా దొరుకుతుంది. రెండు రోజుల్లో తనకు వచ్చేది ఇంకెవరికైనా రెండు రోజుల్లో వస్తుంది కదా, మరి దాన్ని చూసి ఎవరు ప్రత్యేకంగా పిలుస్తారు? పైగా చాలా కంపెనీలు ఆ బాధ్యతను టీమ్ లీడ్‌కే అదనంగా అప్పగిస్తున్నాయి. కోర్సు చెడ్డదనడం లేదు. స్క్రమ్‌తో పనిచేసే టీమ్‌లో ఉన్నవాళ్లకు ఉపయోగమే. కానీ జాబ్ టైటిల్ మార్చే మంత్రంలా అమ్ముతున్నారు చూడండి, అదే నాకు నచ్చదు. అనుభవం లేనివాళ్లకు సీఏపీఎం అనే తొలిమెట్టు సర్టిఫికెట్ ఉంది, 23 గంటల శిక్షణ ఉంటే రాయొచ్చు. పదజాలం వస్తుంది, పునాది పడుతుంది, ఇంటర్వ్యూలో అంతకుమించి బరువుండదు. పీఎంపీకి విలువ ఉంది, ఎందుకంటే దాని వెనక అనుభవం చూపించాలి. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 పాయింట్ల శిక్షణ చూపించి రెన్యువల్ చేసుకోవాలి.

ఇప్పుడు మీతో ఒక మాట, కొంచెం కటువుగానే. ఇంత ఉత్తరం రాశారు, అమ్మాయికి ఈ పని ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. ‘గిరాకీ ఉందంటున్నారు’ అన్నారు. అనేవాళ్లు రేపు ఇంకోటి అంటారు. టెస్టింగ్‌లోనే ఆటోమేషన్ (పరీక్షలను ప్రోగ్రాములతోనే నడిపించడం) వైపు లోతుగా వెళ్లాలని తనకు ఉండొచ్చు, అదీ మంచి దారే. ఇరవై నాలుగు గంటలూ మనుషుల వెంటపడే పని అందరికీ సరిపడదు, సరిపడకపోతే అది లోపమూ కాదు. ఆఫీసులో ఒకసారి పడ్డ మాటను ఇంట్లో కోర్సుల పేరుతో రోజూ గుర్తుచేస్తే దిగులు తగ్గుతుందా, పెరుగుతుందా? కొన్నాళ్లు ఆ ప్రస్తావన వదిలేయండి.

తనకే ఇష్టముంటే, మేనేజర్‌ని అడిగి ఇంకో చిన్న ప్రాజెక్టు తీసుకోమనండి. ఏ ప్రాజెక్టు, ఎన్ని నెలలు, తన పాత్ర ఏమిటి అన్నది ఇప్పటినుంచే రాసిపెట్టుకోవాలి. పీఎంపీ దరఖాస్తులో అవే అడుగుతారు, కొందరి దరఖాస్తులను తనిఖీకి కూడా తీస్తారు. ఫీజు కట్టే ముందు హెచ్‌ఆర్‌ను కలవమనండి. సర్టిఫికేషన్ ఖర్చు తిరిగిచ్చే కంపెనీలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ తర్వాత ఇన్నాళ్లు ఉద్యోగం మానకూడదన్న షరతు ఉంటుంది, సంతకం పెట్టే ముందు అదీ చదువుకోవాలి.