అమ్మాయి సీటుకు అడ్వాన్స్ కట్టేయమంటారా?

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. రెండెకరాల తోతాపురి తోట, మూడు ఆవులు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసై ఎంసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది. తిరుపతి పోయే రోడ్డులో ఒక కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని తెలిసినాయన ఒకరు 50 వేలు అడ్వాన్స్ అడుగుతున్నారు. ఫీజు ఏటా 1.6 లక్షలంట. బ్యాంకులో 3 లక్షల డిపాజిట్, ఎనిమిది సవర్ల నగలు ఉన్నాయి. చాలకపోతే మా ఆడబిడ్డ భర్త నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. బాబు ఈ ఏడు పదో తరగతి. కట్టేయమంటారా సార్?
- ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: కట్టకండి అమ్మా. ఎంసెట్ ర్యాంకును బట్టి ప్రభుత్వం సీట్లు ఇచ్చే కన్వీనర్ కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా ఆ 50 వేలు బ్యాంకులోంచి కదిలించకండి.

ఆయన మీకు ఒక్క ఏడాది ఫీజే చెప్పారు. నాలుగేళ్లకు అది 6.4 లక్షలు. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ దీని మీద అదనం. మీ డిపాజిట్ మొత్తం తీసినా రెండేళ్ల ఫీజుకు కూడా సరిపోదు. అమ్మాయి నాలుగో ఏడాదికి వచ్చేసరికి బాబు ఇంటర్ ముగించి ఉంటాడు. రెండు ఫీజులు ఒకేసారి మీద పడతాయి.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. క్లాసు ఒకటే, పాఠం ఒకటే, డిగ్రీ ఒకటే. డబ్బు లెక్క మాత్రం వేరు. కుటుంబ ఆదాయం ఏటా 2.5 లక్షల లోపు ఉంటే కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుంది. మేనేజ్‌మెంట్ సీటుకు రూపాయి కూడా రాదు. మీకు రైస్ కార్డు ఉండి కూడా మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే ఈ అవకాశాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యం కావడం మామూలే. అప్పుడు కాలేజీ వాళ్లు పిల్లల్ని అడుగుతారు, పిల్లలు టెన్షన్ పడతారు. అందుకే మీ 3 లక్షల్లో ఒక ఏడాది ఫీజుకు సరిపడా విడిగా ఉంచండి.

నిరుడు ఒక నాన్నగారు నా దగ్గరికి ఒక కాగితం తెచ్చారు. నోట్‌బుక్‌లోంచి చించిన పేజీ. 'అడ్వాన్స్ ముట్టినది' అని బాల్‌పెన్ రాత, కింద ఒక సంతకం. కాలేజీ పేరు లేదు, స్టాంపు లేదు. వాళ్లబ్బాయికి కౌన్సెలింగ్‌లో వేరే కాలేజీలో మంచి సీటే వచ్చింది. ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. కాలేజీకి కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వడానికి కాలేజీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈల నిబంధనలు ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని కూడా యూజీసీ 2018లోనే చెప్పింది. మధ్యవర్తి చేతిలో పెట్టిన డబ్బుకు ఇవేవీ వర్తించవు.

ఇంకో మాట. కౌన్సెలింగ్‌లో కావాల్సిన కాలేజీలు, కోర్సులు ఆన్‌లైన్‌లో ఎంచుకోవడాన్నే వెబ్ ఆప్షన్లు అంటారు. ఇలాంటి మధ్యవర్తులు 'వెబ్ ఆప్షన్లు మేమే పెడతాం, ఓటీపీ చెప్పండి' అంటారు. చెప్పొద్దు. అమ్మాయి పక్కన మీరు కూర్చుని, తననే పెట్టనివ్వండి. ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ రెండూ లిస్టులో ఉండాలి. సీఎస్‌ఈ ఒక్కటే పెట్టి ఆగిపోకుండా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ (ఎలక్ట్రికల్) కూడా పెట్టమనండి. మీ ఊరి నుంచి తిరుపతి రోజూ వెళ్లిరాగల దూరమే. స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడపిల్లలకు టికెట్ డబ్బులు ఉండవు. హాస్టల్ ఖర్చు లేకపోవడం అంటే ఇంకో ఫీజు మిగిలినంత.

ఇక అప్పు సంగతి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలు తీసుకుంటే నెలకు 8 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆడబిడ్డ ఇంటితో ముడిపడిన అప్పు కాబట్టి నెల తప్పితే మాట కూడా పడాలి. తప్పదనుకుంటే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ అడగండి. 4 లక్షల దాకా సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారని, వడ్డీ 10 శాతమని అనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ నెలకు 830 రూపాయల చిల్లర, నాలుగో ఏడాది 3,300 చిల్లర. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లులోంచి దీన్ని కట్టుకుంటూ పోతే, ఉద్యోగం వచ్చాక పదేళ్ల వాయిదా నెలకు సుమారు 5,300 వస్తుంది. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా ఏమీ కట్టకపోతే అప్పు 5.4 లక్షలై, వాయిదా 7,100 దాటుతుంది. మామిడి డబ్బును మాత్రం ఈ లెక్కలో కలపకండి. ఫ్యాక్టరీకి కాయ తోలిన రోజుకూ డబ్బు చేతికొచ్చే రోజుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో నాకన్నా మీకే తెలుసు.

కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, మెరిట్‌తో సీటు వచ్చి, నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు, అంటే కాలేజీకి న్యాక్ లేదా ఆ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉంటే, చదువుకునే కాలానికీ ఆపై ఏడాదికీ వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. ఎడ్యుకేషన్ లోన్‌కు విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసేటప్పుడే దీని గురించి బ్యాంకు మేనేజర్‌ను అడగండి.

నగల జోలికి ఇప్పుడే వెళ్లకండి. బంగారం లోను సాధారణంగా ఏడాదికే ఇస్తారు, చదువేమో నాలుగేళ్లు. అవి ఏదైనా ఆపద వస్తే ఆదుకోవడానికి ఇంట్లోనే ఉండాలి.

కౌన్సెలింగ్‌లో అనుకున్న సీటు రాకపోతే అప్పుడు మేనేజ్‌మెంట్ సీటు గురించి మాట్లాడదాం. అదీ నేరుగా కాలేజీ ఆఫీసులోనే, వాళ్ల రసీదు మీదే. డిగ్రీ అడ్మిషన్లకు కూడా ఒక దరఖాస్తు పెట్టించండి, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. రేపు పొద్దున పాలు పోసి వచ్చాక సచివాలయానికి వెళ్లి ఆదాయ, కుల ధ్రువపత్రాలకు అర్జీ ఇవ్వండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక కవర్లో పెట్టుకోండి. సీటు అలాట్‌మెంట్ కాగితం రాగానే, అందులో రాసిన ఫీజు ఎంతో నాకు రాయండి. మిగతా లెక్క అప్పుడు వేద్దాం.