ఆ నాలుగు బోర్ల రీడింగులు తీసేయమంటున్నారు

ప్రశ్న: నమస్తే మేడం. పీహెచ్‌డీ మూడో ఏడు నాది, ప్రభుత్వ గ్రాంట్ ప్రాజెక్ట్. నల్గొండ వైపు 12 బోర్ల నీళ్లు తెచ్చి మా యాక్టివేటెడ్ అల్యూమినా (నీళ్లలో ఫ్లోరైడ్‌ని పట్టుకునే పదార్థం) ఫిల్టర్‌లో పోసి చూశాం. 8 బోర్లకి ఫ్లోరైడ్ బాగా తగ్గింది, 4 బోర్లకి సరిగా తగ్గలేదు. గైడ్ గారేమో "ఆ నాలుగూ వదిలేయమ్మా, పేపర్ పంపేద్దాం" అంటున్నారు. కాదంటే థీసిస్ ఆగిపోతుందేమోనని భయం. వదిలేస్తే తప్పా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పే తల్లీ. మీటర్ పాడైందనో బాటిల్ సరిగా కడగలేదనో ఆ రోజే నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే తీసేయొచ్చు, అప్పుడు కూడా ఎన్ని తీశాం ఎందుకు తీశాం అని పేపర్‌లో చెప్పాలి. రిజల్ట్ నచ్చలేదని తీసేయడం మాత్రం కుదరదు. రేపు ఆ పేపర్ చూసి ఎవరో ఒక ఊళ్ళో ఆ ఫిల్టర్ పెడతారు, ఆ నీళ్లు పిల్లలు తాగుతారు, ఫ్లోరైడ్ ఎముకల్ని ఏం చేస్తుందో నల్గొండ వాళ్లకి ఒకరు చెప్పాలా?

అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీలో డాంగ్ ప్యో హాన్ అని ఒక సైంటిస్ట్, హెచ్‌ఐవీ వ్యాక్సిన్ పనిచేస్తున్నట్టు చూపించడానికి కుందేళ్ల రక్తంలో మనుషుల యాంటీబాడీలు కలిపేశాడు, దాన్ని నమ్మి ప్రభుత్వం కోట్లు పోసింది. 2015లో 57 నెలల జైలు పడింది, 72 లక్షల డాలర్లు తిరిగి కట్టమన్నారు. నీ విషయం అంత దూరం పోలేదు, కానీ జనం డబ్బుతో చేసిన పనిలో లేనిది కలిపినా ఉన్నది దాచినా చదివేవాడు మోసపోయినట్టే కదా.

మన యూజీసీ 2018లో తెచ్చిన రూల్స్ కాపీ కొట్టడం గురించి, థీసిస్‌లో 60 శాతం దాటి కాపీ ఉంటే రిజిస్ట్రేషనే రద్దు. దాచిన రీడింగ్‌ని మాత్రం కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు, కాబట్టి నీ నోట్‌బుక్కే నీకు రక్ష. పేజీలు చింపకు, ఫైళ్లు డిలీట్ చేయకు. గైడ్‌తో గొడవ వద్దు, "సార్, 12 బోర్లూ టేబుల్‌లో పెడదాం, ఆ నాలుగు మళ్ళీ చేస్తాను" అని మెయిల్ పెట్టు, నోటిమాటగా వదలకు. అయినా వినకపోతే డాక్టోరల్ కమిటీలో నీకు నమ్మకమున్న వాళ్లకి చూపించు.

ఇంకోటి, ఆ నాలుగు బోర్ల పీహెచ్, ఆల్కలినిటీ (నీళ్లలో బైకార్బనేట్ లాంటివి ఎంత ఉన్నాయో) కొలిచావా? బైకార్బనేట్ ఎక్కువున్న నీళ్లలో అల్యూమినా ఫ్లోరైడ్‌ని సరిగా పట్టదు. కారణం అదే అయితే ఏ బోరుకి ఈ ఫిల్టర్ పెట్టకూడదో నీ పేపరే చెప్తుంది, ముందు అది కొలిచి చూడు.