చియాంగ్ మైలో ఖావ్ సోయ్ సరే, మిగతా నూడుల్స్ సంగతేంటి?

డిసెంబర్‌లో గురువారం నుంచి సోమవారం దాకా థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మైలో ఉంటామన్నారు. ఖావ్ సోయ్ (కొబ్బరిపాల కూరలో వచ్చే అక్కడి నూడుల్స్) గురించి అందరూ చెప్పారు గానీ అది కాక ఇంకేం తినాలి, ఎక్కడ తినాలి అని అడిగారు. మీరు బీఫ్ తినరు, వెంట వచ్చే అమ్మగారు పూర్తి శాకాహారి. ఇదీ మీ ప్రశ్న. నేను అక్కడ నాలుగు నెలలు గది అద్దెకు తీసుకుని, ల్యాప్‌టాప్ ముందేసుకుని ఉద్యోగం చేశాను. వంట చేసుకోలేదు. రోజుకు రెండు పూటలు నూడుల్సే.

ముందు టైమ్ సంగతి, ఎందుకంటే మొదటి వారమంతా నేను దెబ్బతిన్నది అక్కడే. మనకు టిఫిన్ సెంటర్ పదకొండింటికి కట్టేసినట్టు, అక్కడ మంచి నూడుల్స్ కొట్లు చాలామటుకు మధ్యాహ్నంతో సరి. పొద్దున కాచిన రసం అయిపోతే కుర్చీలు బల్లల మీదకి ఎక్కించేస్తారు. పని ముగించుకుని రెండున్నరకు తీరిగ్గా వెళ్తే, గిన్నెలు కడుగుతున్న ఆవిడ నవ్వి ‘మోత్ లేవ్’ అంది. అయిపోయింది అని అర్థం. నేను థాయ్‌లో నేర్చుకున్న మొదటి వాక్యం అదే. కాబట్టి గుళ్లు సాయంత్రానికి పెట్టుకుని, తిండి పొద్దున పదికీ ఒంటిగంటకీ మధ్య పెట్టుకోండి.

ఇక ఖావ్ సోయ్. అందరూ చెప్పారు కదా అని వదిలేయలేను, నాకు దాంతో ఇంటి చుట్టరికం ఉంది. మా నాయనమ్మ వాళ్లు 1960ల్లో రంగూన్ నుంచి ఓడెక్కి విశాఖ వచ్చినవాళ్లు. పండగలకు గారెలు వండినట్టే, ఆదివారాలు కొబ్బరిపాలు, కోడి ముక్కలు, శనగపిండి వేసి ‘ఖౌస్వే’ వండేది. బర్మా భాషలో ఖౌస్వే అంటే నూడుల్స్. చియాంగ్ మైలో మొదటి రోజు బోర్డు మీద ‘ఖావ్ సోయ్’ అని చూడగానే ఇది మనదే అనుకుని కూర్చున్నా. గిన్నె వచ్చాక తెలిసింది, చుట్టమే గానీ దూరపు చుట్టం. శనగపిండి లేదు. దాని బదులు ఎండుమిరప, పసుపు, ధనియాలు నూరిన ముద్ద ఉంది, కరిపొడి వాసన ఉంది. పైన నూనెలో వేయించిన కరకరలాడే నూడుల్స్ గుప్పెడు. కింద అవే గుడ్డు నూడుల్స్, ఉడకబెట్టినవి. మధ్యలో ములక్కాడలా పొడుచుకొచ్చిన కోడికాలు.

చైనాలోని యున్నాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకులు మోసుకొచ్చిన ముస్లిం వర్తకులే ఈ వంటకాన్ని ఇక్కడికి తెచ్చారని ఎక్కువమంది చెప్పేమాట. స్థానికులు వాళ్లని ‘చీన్ హో’ అంటారు. కొబ్బరిపాలు తర్వాత చేరాయంటారు. వర్తకులు తెచ్చారన్న మాట నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే వాళ్ల పేట ఇప్పటికీ ఉంది. నైట్ బజార్ దగ్గర చరోయెన్ ప్రథేత్ రోడ్డు ఒకటో సందులో బాన్ హో మసీదు, దాని పక్కనే ‘ఖావ్ సోయ్ ఇస్లాం’ అనే కొట్టు. పంది మాంసం ఉండదు. బీఫ్ ఉంటుంది గానీ కోడితోనూ ఇస్తారు, రసం వేరేనా అని ముందే అడగండి. బిర్యానీకి తమ్ముడిలాంటి ‘ఖావ్ మోక్’ కూడా దొరుకుతుంది. నలుగురు వెళ్తే ఒకరు అది చెప్పండి.

పాత ఊరి ఉత్తరం కందకం పక్కన ‘ఖావ్ సోయ్ ఖున్ యాయ్’ ఉంది. యాయ్ అంటే అమ్మమ్మ. నాయనమ్మకు వాళ్ల దగ్గర వేరే మాట ఉంది, ‘యా’. మనలాగే. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో రెండింటికల్లా ముగిస్తారు. ఊరికి ఉత్తరాన రాచ్చఫ్రుక్ రోడ్డులో ‘ఖావ్ సోయ్ మే సాయ్’ ఉంది. హోటళ్లకు రేటింగులిచ్చే మిషెలిన్ గైడ్ వాళ్లు మెచ్చుకున్నాక క్యూ పెరిగింది గానీ రుచి ఏం పోలేదు. పింగ్ నది అవతల ఫా హామ్ వైపు ‘లమ్ దువన్’, ‘సమోయ్ చాయ్’ రెండూ ఒకే రోడ్డులో ఉంటాయి. వీటిలో ఏది గొప్పది అని ఊరివాళ్లనే అడిగితే తగాదా పెట్టుకుంటారు. నాకు అమ్మమ్మ కొట్టు. రసం కాస్త పల్చన, కొబ్బరి మొహం మొత్తదు.

గిన్నెతో పాటు ఒక చిన్న ప్లేటు వస్తుంది. ఊరబెట్టిన ఆవాకు, పచ్చి చిన్న ఎర్ర ఉల్లిపాయల ముక్కలు, నిమ్మచెక్క. అవి పక్కన నంజుకోవడానికి కాదు, గిన్నెలోకే. ముందు రసం ఒక చెంచా ఉత్తిది తాగండి. తర్వాత నిమ్మ పిండి, ఆకు వేసి, కారం ఎక్కువ కావాలంటే బల్ల మీద నూనెలో మాడిన నల్లటి మిరప ముద్ద ఉంటుంది, అరచెంచా. మన గోంగూర కారం తిన్న నోటికి అది లెక్కలోది కాదు అనుకుని నేను రెండు చెంచాలు వేశాను. కారం కాదు సమస్య, చేదు. మాడిన మిరప ఎక్కువైతే గిన్నె మొత్తం పాడు.

ఇప్పుడు అసలు సంగతి. నన్నడిగితే ఉత్తరాది రుచి అంటే ఖావ్ సోయ్ కాదు, ‘ఖనోమ్ చీన్ నామ్ ఙియావ్’. ఇంకా ఉత్తరాన ఉన్న చియాంగ్ రాయ్ ఊరివాళ్లయితే ఇది తమదే అంటారు, అక్కడ ఇంకా ముదురుగా వండుతారు. ఖనోమ్ చీన్ అంటే బియ్యప్పిండి నూడుల్స్. సంప్రదాయంగా బియ్యాన్ని పులియబెట్టి వత్తుతారు. అందుకే దగ్గరగా వాసన చూస్తే అట్ల పిండి గుర్తొస్తుంది. బజారులో అరిటాకు మీద చిన్న చిన్న చుట్టలుగా పేర్చి పెడతారు, జడ విప్పి చుట్టబెట్టినట్టు. దాని మీద ఎర్రటి పల్చని పులుసు పోస్తారు. పంది పక్కటెముకలు, చిన్న పుల్లటి టమాటాలు, సోయా గింజల్ని పులియబెట్టి అప్పడాల్లా ఎండబెట్టిన ‘తువా నావ్’. ఈ తువా నావే దీనికి ప్రాణం. విడిగా వాసన చూస్తే ముక్కు మూసుకుంటారు, పులుసులో పడ్డాక మన ఎండుచేపల పులుసులో ఉండే లోతు వస్తుంది.

పులుసులో పుల్లల్లాంటివి కనిపిస్తాయి. నేను మొదట ఏరి గిన్నె అంచున పెట్టాను. కొట్టావిడ చూసి, తిను అన్నట్టు సైగ చేసింది. అవి బూరుగు పువ్వు కేసరాలట! ఎండబెట్టి, నానబెట్టి వేస్తారు. మా ఊళ్లో బూరుగు చెట్టు కింద ఎర్ర పూలు తొక్కుకుంటూ బడికి వెళ్లాం గానీ, కూరలో పడతాయని ఎప్పుడూ అనుకోలేదు. రుచి పెద్దగా ఉండదు, నమిలితే పుట్టగొడుగులా సాగుతుంది, పులుసు పీల్చుకుంటుంది.

అందులోనే ముదురు గోధుమరంగు చదరపు ముక్కలుంటాయి. మా ఆవిడ వచ్చిన వారం కార్జం అనుకుని తినేసింది. గడ్డకట్టిన పంది నెత్తురు అని నేను తర్వాత చెప్పాను, ఇంకా తర్వాత చెప్పినా బాగుండేది. తెలంగాణలో నల్ల తినేవాళ్లకు కొత్తేం కాదు, మీకు వద్దనుకుంటే ‘మై సై లువత్’ అనండి, నెత్తురు వేయొద్దని. ఇది తినడానికి వరోరోత్ మార్కెట్‌కి వెళ్లండి. ఊరివాళ్లు దాన్ని ‘కాద్ లువాంగ్’ అంటారు, పెద్ద బజారు అని. కింది అంతస్తులో తిండి కొట్లు వరసగా ఉంటాయి. పక్కన పంది చర్మం వేయించిన ‘కేప్ మూ’ ఒక పొట్లం కొనుక్కుని పులుసులో ముంచుకోండి, అప్పడంలా.

మిగతావి తొందరగా చెప్పేస్తా. పడవ నూడుల్స్, గులాబీ రంగు రసంతో వచ్చే యెన్ తా ఫో ఊళ్లో దొరుకుతాయి గానీ అవి ఉత్తరాదివి కావు, బ్యాంకాక్‌లో తినొచ్చు. సుఖోథాయ్ నూడుల్స్ మాత్రం కనిపిస్తే వదలొద్దు. సన్నగా కోసిన చిక్కుళ్లు, దంచిన వేరుశనగ, బెల్లం, నిమ్మరసం. పులిహోర ప్రాణులకు వెంటనే పట్టేస్తుంది.

మామూలు నూడుల్స్ కొట్లో (వాటిని ‘కువై తియావ్’ అంటారు) చెప్పే పద్ధతి ఒకటుంది. నూడుల్ ఏది, రసంతోనా పొడిగానా, ఏ మాంసం, ఎంత. సెన్ మీ అంటే దారమంత సన్నవి, సెన్ లెక్ సన్నవి, సెన్ యై వెడల్పువి, బా మీ గుడ్డువి. రసంతో అయితే నామ్, లేకుండా అయితే హేంగ్. చివర మామూలు గిన్నె అయితే ‘థమ్మదా’, పెద్దదయితే ‘ఫిసేత్’. ఈ రెండూ మనకు తెలిసిన మాటలే. మొదటిది సంస్కృతం ధర్మతా, రెండోది విశేష. అంటే అక్కడ డబుల్ చెప్పాలంటే ‘విశేషం’ అంటారన్నమాట. నేనున్నప్పుడు థమ్మదా గిన్నె చాలాచోట్ల 50 నుంచి 70 బాత్ ఉండేది, విశేషానికి ఇంకో పది, ఇరవై. మామూలు గిన్నె చిన్నదే. మన ఆకలికి రెండు కొట్లలో రెండు గిన్నెలు తినడం మేలు.

ఉచ్చారణలో ఒక జాగ్రత్త. కోడిని ‘కై’ అంటారు, గుడ్డును ‘ఖై’. క, ఖ తేడానే. ఇంగ్లీషువాళ్లు దీంతో తంటాలు పడతారు, మనకు ఒకటో తరగతిలోనే నేర్పిన తేడా కదా అని గర్వంగా ఆర్డర్ చేశాను. మాట్లాడేటప్పుడు మనం ఒత్తు ఎక్కడ పలుకుతాం, ఎక్కడ మింగుతాం మనకే తెలీదు. రెండు ఉడికించిన గుడ్లతో గిన్నె వచ్చింది. మీకు ముఖ్యమైనది ‘నువా’, బీఫ్ అని. ‘మై కిన్ నువా’ అంటే బీఫ్ తినను. ఊళ్లో బీఫ్ నూడుల్స్‌కే పేరున్న కొట్లు ఉన్నాయి. ఒకే కుండలో కాచిన రసం అన్నింటికీ పోస్తారు, కాబట్టి అలాంటి చోట కోడి చెప్పినా లాభం లేదు, బయటికి వచ్చేయండి.

అమ్మగారి విషయంలో మొహమాటం లేకుండా చెప్తున్నా. మామూలు కొట్లో మాంసం తీసేసి ఇవ్వమని అడగొద్దు. తీసేసి నవ్వుతూ ఇస్తారు, కానీ రసం ఎముకలదే, ఉప్పు బదులు నామ్ ప్లా, అంటే చేపల రసం. ఖావ్ సోయ్ ముద్దలోనూ రొయ్యల పేస్టు పడుతుంది చాలాచోట్ల. ఆమె కోసం వెతకాల్సింది ‘చే’ బోర్డు. పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరాలు, మన కంటికి అచ్చం 17 అంకెలా కనిపిస్తుంది. అది ఉన్న చోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. పాత ఊళ్లో శాకాహార హోటళ్లు కూడా బోలెడు, వాటిలో పుట్టగొడుగులు, తోఫు వేసి ఖావ్ సోయ్ చేస్తారు. థాయ్‌లో శాకాహారానికి ఇంకో మాట ‘మాంగ్సవిరత్’. అదీ మన మాంసవిరతే. అమ్మగారికి ఇది ఒక్కసారి చెప్తే చాలు, మర్చిపోరు. కాకపోతే మాంసవిరత్ అంటే గుడ్డు తినొచ్చు అనుకుంటారు, అందుకే చే అనడమే భద్రం.

గురువారమే దిగుతున్నారు కాబట్టి శుక్రవారం పొద్దున్న ఇంకేం పెట్టుకోకండి. ఇందాక చెప్పిన బాన్ హో మసీదు ఎదురుగా ఆ ఒక్క పూట సంత జరుగుతుంది. కొండల మీది యున్నాన్ వాళ్లు, బర్మా వైపు నుంచి వచ్చిన షాన్ జాతివాళ్లు వచ్చి కూరలు, ఊరగాయలు, ఎండబెట్టిన తువా నావ్ బిళ్లలు అమ్ముతారు. ఒక మూల షాన్ తోఫు దొరుకుతుంది. పేరు తోఫు అయినా సోయా కాదు, బఠాణీ, శనగ లాంటి పప్పుల పిండితో ఉడికించేది. వేడివేడి జావలా ఉన్నప్పుడు నూడుల్స్ మీద పోసి ఇస్తారు. పైన మాంసం వేయొద్దని ముందే చెప్పి, రసం ఏదైనా పోస్తున్నారేమో చూసుకుంటే అమ్మగారూ తినొచ్చు.

నాకు మాత్రం ఆ గిన్నెలోనే నాయనమ్మ శనగపిండి దొరికింది. ఫోన్‌లో వీడియో తీసి నాన్నకు పంపితే, ‘కొబ్బరిపాలు పోయలేదేంట్రా’ అన్నాడు. ఏడున్నరకల్లా వెళ్లండి, తొమ్మిది దాటితే ఆ షాన్ తోఫు అమ్మే ఆవిడ గిన్నెలు సర్దేస్తుంది.