మహనీయుల పేరుతో తిరిగే మాటల గురించి ఒక యువ రచయితకు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవికి ఆశీస్సులు.

మాతృభాషలో చదువు గురించి నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాదంలో పట్టుంది, వాక్యంలో ఒడుపుంది. అయితే పత్రికకు పంపే ముందు, అందులో మహనీయుల పేరు మీద ఎత్తి రాసిన మాటలన్నిటినీ ఒకసారి మూలాలతో సరిచూసుకోవాలి.

ముందు బ్రిటిష్ అధికారి మెకాలే సంగతి. భారతదేశం నలుమూలలా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడు గానీ దొంగ గానీ కనిపించలేదనీ ఆయన 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ప్రసంగించినట్లు రాశావు. ఆయన బొమ్మతో సహా ఈ మాట వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది, సభల్లో వక్తలు కూడా వల్లిస్తున్నారు. కానీ ఆ రోజున మెకాలే లండన్‌లో లేడు, కలకత్తాలో ఉన్నాడు. 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగి, 1838లో తిరిగి వెళ్లేదాకా ఈ దేశంలోనే ఉండి గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో పనిచేశాడు. ఓడ దిగి ఎనిమిది నెలలైనా నిండని మనిషి దేశమంతా చుట్టి, సముద్రం దాటి వెళ్లి పార్లమెంటులో నిలబడి మాట్లాడడం ఆ కాలంలో జరిగే పని కాదు.

తేదీ మాత్రం కల్పితం కాదు. మన విద్యావిధానంపై ఆయన రాసిన ప్రసిద్ధమైన మినిట్ (ప్రభుత్వానికి రాసిచ్చిన అభిప్రాయపత్రం) ఆ రోజుదే. తనకు సంస్కృతం గానీ అరబ్బీ గానీ రాదని అందులో తానే ఒప్పుకున్నాడు. అయినా, ఒక మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అరలో ఉన్న పుస్తకాలు భారత, అరబ్బీ సాహిత్యాలన్నిటికీ సాటి అన్న మాటను కాదనగల ప్రాచ్య పండితుడు తనకు ఒక్కడూ తారసపడలేదని రాశాడు. నీ వాదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏం కావాలి? ఇది చేతికందేంత దూరంలో ఉండగా నువ్వు దొంగ సాక్ష్యాన్ని పిలిచావు. దాన్ని పట్టుకున్న పాఠకుడు ఇక నీ నిజాన్ని కూడా నమ్మడు. నన్ను బాధించింది అదే.

‘చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, ఓ మంచి పుస్తకం కొనుక్కో’ అన్న మాటను కందుకూరి వీరేశలింగం గారిదని రాశావు. పుస్తకాల దుకాణాల గోడల మీద అలాగే కనిపిస్తుంది. ఏ గ్రంథంలో, ఏ ఉపన్యాసంలో, ఏ సంవత్సరంలో అన్నారో ఆ గోడలు చెప్పవు. పాత కోటు తొడుక్కుని కొత్త పుస్తకం కొనుక్కోమనే ఇంగ్లీషు సూక్తి ఒకటి 19వ శతాబ్దపు అమెరికన్ మతాచార్యుడు ఆస్టిన్ ఫెల్ప్స్ పేరుతో చలామణిలో ఉంది. పంతులుగారు ఆ మాట అనలేదని నిరూపించడం పాఠకుడి పని కాదు. అన్నారని చూపించాల్సింది ఆయన పేరు వాడుకున్న నువ్వే. చివర మకుటం తగిలించిన ప్రతి ఆటవెలదినీ వేమన ఖాతాలో వేయడం కూడా ఇలాంటిదే.

‘దేశభాషలందు తెలుగు లెస్స’ మాత్రం ఆముక్తమాల్యదలో నిజంగానే ఉంది. అయితే అక్కడ అది రాయలు తన నోట అన్న మాట కాదు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆయనకు కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు చెప్పిన మాట. ఎందరో రాజులు కొలువగా వారితో మాట్లాడిన నీకు ఈ సంగతి తెలియదా అని దేవుడు రాజునే అడుగుతాడు. పలు భాషలు విన్నవాడితో చెప్పిన మాట కనుకనే దానికంత బరువు. ఇదే పాదం అంతకు పూర్వపు తెలుగు రచన క్రీడాభిరామంలోనూ కనిపిస్తుంది. ఈ రెండు సంగతులూ కలిపి రాస్తే నీ పేరా ఎంత చిక్కబడుతుందో చూడు. ఒక వాక్యం ఎత్తి రాయాలంటే దాని ముందు పేజీ, వెనక పేజీ చదివి ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇవన్నీ వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మా చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఉంది. మెకాలే పేరా కొట్టేసి, మినిట్ పూర్తిగా చదివాక మళ్లీ రాయి. చొక్కా మాట వదులుకోలేకపోతే పేరు పెట్టకుండా ‘అంటారు’ అని సరిపెట్టు, లేదా పంతులుగారి స్వీయచరిత్ర తెరిచి నీకు నచ్చిన వాక్యాన్ని పుట సంఖ్యతో సహా రాసుకో. సవరించిన ప్రతి పంపితే వెంటనే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి